ఓడ ఆగిన పూట సముద్రంలోకి దిగాలంటే

ఒంగోలులో ఉంటున్న మా చిన్నాన్న కూతురు కిందటి డిసెంబరులో ఒక కాగితం ఫొటో తీసి నాకు పంపింది. సింగపూర్‌లో ఓడ ఎక్కి, మలేషియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ మజిలీలు చూసుకొని, నాలుగు రాత్రుల తరువాత తిరిగి సింగపూర్‌లో దిగే క్రూజ్‌కు వాళ్ల కుటుంబమంతా టికెట్లు కొనుక్కున్నారు. ఫుకెట్‌లో ఓడ ఉదయం 8 గంటల నుంచి సాయంత్రం 6 గంటల దాకా ఆగుతుంది. ఆ పూట చేయదగిన విహారాల పట్టికలో స్కూబా అనే మాట మూడు చోట్ల, మూడు ధరలతో అచ్చయి ఉంది. "ఈ మూడింటికీ తేడా ఏమిటి అన్నా, ఏది తీసుకోమంటావు?" అని అడిగింది. నెల్లూరులో పుట్టి పెరిగిన నేను నలభై దాటిన తరువాత పుదుచ్చేరిలో డైవింగ్ నేర్చుకున్నాను. ఇప్పటికి అరవైకి పైగా డైవ్‌లు నా లాగ్‌బుక్‌లో ఉన్నాయి. అయినా ఆమెకు ఫోనులో ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. చేపలు, పగడాలు ఎక్కడ బాగుంటాయన్న ప్రశ్నలా కనిపించే ఈ ఎంపికలో ఓడ ప్రయాణ పట్టిక, నీటి ఒత్తిడి, మన ఒంట్లోని రక్తం, ఆ నెలలో వీచే గాలి, ఇన్సూరెన్స్ కాగితంలోని సన్నని అక్షరాలు అన్నీ పెనవేసుకొని ఉంటాయి. ఈ చిక్కు విప్పడానికి పట్టుకోవలసిన కొస కాలం అని నా నమ్మకం. గంటల లెక్క ముందుగా వేసుకున్నవారికి మిగతా సంగతులు చాలా వరకు వాటంతట అవే తేలతాయి.

అంతకంటే ముందు స్కూబా అన్న మాట సంగతి చూడాలి. మన ట్రావెల్స్ వాళ్లు నీటి కింద ఊపిరి పీల్చే ప్రతి పనికీ ఈ పేరే వాడేస్తున్నారు. తలకు పెద్ద హెల్మెట్ తొడిగి, గొట్టంతో పైనుంచి గాలి పంపుతూ, నాలుగైదు మీటర్ల లోతు ఇసుకలో నడిపించేదాన్ని సీ వాక్ అంటారు. గాలి సిలిండర్‌ను చిన్న తెప్ప మీద నీటి పైనే ఉంచి, పొడవాటి గొట్టం ద్వారా ఊపిరి పీల్చుకునేలా చేసేది స్నూబా. ఈ రెండూ స్కూబా కావు. సిలిండర్‌ను వీపున కట్టుకొని, శిక్షకుడి చేతి కింద, ఇంతకు ముందు ఏ చదువూ లేకుండా మొదటిసారి దిగేది ట్రయల్ డైవ్. డైవింగ్ శిక్షణకు నియమాలు పెట్టి, కార్డులు ఇచ్చే ప్యాడీ సంస్థ దీనికి డిస్కవర్ స్కూబా డైవింగ్ అని పేరు పెట్టింది. ఆ నియమాల ప్రకారం పదేళ్లు నిండినవారెవరైనా దిగవచ్చు కానీ లోతు 12 మీటర్లు దాటకూడదు, ఒక శిక్షకుడు నలుగురికి మించి తీసుకుపోకూడదు. మా చెల్లెలి కాగితంలో రెండో వరుసలో ఉన్నది ఇదే. మూడో వరుసలో రెండు సిలిండర్ల డైవ్ అని ఉన్నది సర్టిఫికేషన్ కార్డు ఉన్నవారికి మాత్రమే. మొదటి వరుసలోది సీ వాక్. ధరల మధ్య తేడా ఎందుకో ఇంతటితో తెలిసింది కానీ, ఏది ఎంచుకోవాలో ఇంకా తెలియలేదు.

కార్డు గురించి ఒక అపోహ తొలగించుకోవాలి. ఓడ ఆగిన చోట కోర్సు పూర్తి చేసుకోవచ్చని కొందరు అనుకుంటారు. ఓపెన్ వాటర్ అనే మొదటి మెట్టు కోర్సుకు పాఠాలు, ఈత కొలనులో సాధన, ఆపైన సముద్రంలో నాలుగు డైవ్‌లు కలిపి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఒక్క పూట మజిలీలో అది జరిగే పని కాదు. పాఠాలను ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చదివి, పుదుచ్చేరిలోనో, విశాఖలోనో, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో ప్రయాణానికి కొన్ని నెలల ముందు కోర్సు ముగించుకుంటే, ఆ కార్డుతో 18 మీటర్ల దాకా దిగే అర్హత వస్తుంది. దాని పై మెట్టు అడ్వాన్స్‌డ్ కోర్సుతో 30 మీటర్లు, ఇంకా శిక్షణ పొందితే 40 మీటర్లు. వినోదం కోసం చేసే డైవింగ్‌కు చివరి హద్దు అదే. కార్డు ఉండి ఏడాదిగా నీళ్లలోకి దిగనివారు ఓడ ఎక్కే ముందే ఒక రిఫ్రెషర్ డైవ్ చేసి వెళ్లడం మేలు. చాలా చోట్ల పడవ వాళ్లు లాగ్‌బుక్‌లో చివరి డైవ్ తేదీ చూసిన తరువాతే ఒప్పుకుంటారు.

ఇక గంటల లెక్క. ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలాసార్లు పటాంగ్ తీరానికి ఎదురుగా లంగరు వేసి, ప్రయాణికులను టెండర్ అనే చిన్న పడవలలో విడతలు విడతలుగా ఒడ్డుకు చేరుస్తాయి. ఎనిమిదికి లంగరు పడినా, తనిఖీలు, వరుసలు దాటుకొని ఒడ్డున అడుగు పెట్టేసరికి తొమ్మిదిన్నర అవుతుందనుకుందాం. అక్కడి డైవ్ పడవలు ఎక్కువగా బయలుదేరే చలాంగ్ రేవుకు వ్యానులో నలభై నిమిషాలు. అంటే పది దాటింది. రాచా యాయ్ ద్వీపానికి పెద్ద పడవలో సుమారు గంటన్నర; పదకొండు ముప్పావు. మొదటి డైవ్ ముగించి పైకి వచ్చేసరికి పన్నెండు ముప్పావు. రెండో డైవ్‌కు ముందు ఒంట్లోని నైట్రోజన్ కొంత బయటికి పోవడానికి గంటసేపు పడవ మీదే ఆగాలి. రెండో డైవ్ అయ్యేసరికి రెండు ముప్పావు. తిరుగు ప్రయాణం గంటన్నర, సామాను దించడం, మళ్లీ వ్యాను. పటాంగ్ చేరేసరికి అయిదు దాటుతుంది. ఆరింటికి కదిలే ఓడకు ఆఖరి టెండర్ అయిదింటికే వెళ్లిపోతుంది. ఇందులో ట్రాఫిక్ గానీ, ఎదురుగాలి గానీ, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ మొరాయించడం గానీ, ఎవరికైనా వాంతులు కావడం గానీ కలపనే లేదు. పైగా ఫుకెట్‌లో రోజువారీ డైవ్ పడవలు పొద్దున్నే బయలుదేరతాయి, ఓడ దిగివచ్చినవారి కోసం ఆగవు. స్పీడు బోటు అయితే దారిలో గంట మిగలవచ్చు, ఖర్చు పెరుగుతుంది. ఇలా కాగితం మీద కూడికలు వేసిన తరువాత కూడా కనీసం రెండు గంటలు మిగలని విహారాన్ని, అది ఎంత అందమైనదైనా, నేను ఎంచుకోను.

ఈ లెక్కలో కంటికి కనిపించని ఒక గంట కూడా ఉంది. సింగపూర్ గడియారం థాయిలాండ్ గడియారం కంటే ఒక గంట ముందుంటుంది. కొన్ని ఓడలు రేవు మారినా తమ గడియారం మార్చవు. మన చేతిలోని ఫోను మాత్రం ఒడ్డున సిగ్నల్ దొరకగానే స్థానిక సమయానికి మారిపోతుంది. ఫోనులో నాలుగు గంటలు చూసి ఇంకా గంట ఉందనుకున్న మనిషికి ఓడ లెక్కలో అయిదు అయిపోయి ఉంటుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి, టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికోలోని కోజుమెల్‌కు క్రూజ్‌లో పోయే మన తల్లిదండ్రులకు, వాళ్లను తీసుకుపోయే పిల్లలకు ఇదే సంగతి మరో రూపంలో ఎదురవుతుంది. కోజుమెల్ ఉన్న క్వింటానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తోంది, టెక్సస్ మాత్రం వేసవికీ చలికాలానికీ గడియారం మారుస్తుంది. అందువల్ల వేసవిలో రెండు చోట్లా ఒకే సమయం ఉంటుంది, చలికాలంలో గంట తేడా వస్తుంది. బుక్ చేసేటప్పుడే "మీరు చెప్పే తొమ్మిది ఓడ తొమ్మిదా, ఊరి తొమ్మిదా?" అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ముల్లు ఉన్న చేతి గడియారం ఒకటి ఓడ సమయానికే ఉంచుకోవడం నా అలవాటు.

ఓడ వాళ్లు అమ్మే విహారం కొనాలా, స్థానిక డైవ్ షాపుతో నేరుగా మాట్లాడుకోవాలా అన్న ప్రశ్న కూడా చివరికి గడియారం దగ్గరికే వస్తుంది. ఓడ తరఫున వెళ్లిన బృందం ఆలస్యమైతే ఓడ మామూలుగా వాళ్ల కోసం ఆగుతుంది, లేదా వాళ్లను తరువాతి రేవుకు చేర్చే బాధ్యత తీసుకుంటుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. తప్పిపోయిన మనిషి సొంత ఖర్చుతో, కొన్నిసార్లు వీసా చిక్కులతో, తరువాతి మజిలీకి చేరుకోవాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. వాతావరణం బాగాలేక ఓడ ఆ రేవుకు పోకుండా దాటిపోతే, ఓడ దగ్గర కొన్నదానికి డబ్బు వెనక్కి వస్తుంది. బయట కట్టిన అడ్వాన్సు వస్తుందో రాదో ఆ షాపు వాళ్ల షరతును బట్టి ఉంటుంది. ఇవన్నీ ఓడ వైపు మొగ్గే మాటలు. అయితే ఓడ విహారాల్లో గుంపులు పెద్దవిగా ఉంటాయి, ధర ఎక్కువగా ఉంటుంది, మొదటిసారి దిగేవారినీ, వంద డైవ్‌లు చేసినవారినీ ఒకే పడవలో ఎక్కిస్తారు. కార్డు ఉండి, అనుభవం ఉండి, రేవు నుంచి పదిహేను నిమిషాల్లో నీటిలోకి దిగగలిగే కోజుమెల్ లాంటి చోట నేరుగా మాట్లాడుకోవడంలో తప్పు లేదు. టెండర్ ఎక్కి, వ్యాను ఎక్కి, మళ్లీ పడవ ఎక్కవలసిన చోట మాత్రం ఎక్కువ డబ్బు పోయినా ఓడ విహారమే కొనమని నా సలహా.

ఒడ్డున లెక్కించే గంటలు ఇవి. నీటి కింద మరో గడియారం నడుస్తుంది, అది సిలిండర్‌లోని గాలి. మామూలు అల్యూమినియం సిలిండర్‌లో 11 లీటర్ల చోటు ఉంటుంది, అందులో 200 బార్ల ఒత్తిడితో (ఒక బార్ అంటే దాదాపు నీటి పైన ఉండే మామూలు గాలి ఒత్తిడి) గాలి నింపుతారు. 50 బార్లు మిగిలేసరికి పైకి వచ్చేయాలన్నది అందరూ పాటించే పద్ధతి. అంటే మనం వాడుకోగలిగేది ఉజ్జాయింపుగా 1650 లీటర్లు. నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 10 మీటర్ల లోతులో, అక్కడ ఒత్తిడి రెట్టింపు కాబట్టి, 40 లీటర్లు వాడుకుంటాడు; 20 మీటర్ల లోతులో 60 లీటర్లు. పది మీటర్ల దగ్గర ఈ గాలి నలభై నిమిషాలు వస్తుంది, ఇరవై మీటర్ల దగ్గర ఇరవై ఏడు నిమిషాలకే అయిపోతుంది. కొత్తవారు కంగారులో ఇంకా ఎక్కువ పీలుస్తారు. కాబట్టి లోతైన చోటు గొప్పదనీ, లోతు తక్కువైతే డబ్బు దండగనీ అనుకోవడం పొరపాటు. ఎండ వెలుగు బాగా చేరేది, పగడాల రంగులు నిజంగా కనిపించేది కూడా ఆ పై పది పన్నెండు మీటర్లలోనే. ఇంకా దిగేకొద్దీ మొదట ఎరుపు మాయమై, అంతా నీలి బూడిద రంగులో మునిగిపోతుంది.

కనిగిరి, పొదిలి వైపు మోటబావుల్లో ఈత నేర్చినవారికి నీటి ఒత్తిడి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. అడుగున పడేసిన నాణెం తీయడానికి తలకిందులుగా దూకిన పిల్లవాడికి రెండు మనుషుల లోతు దాటగానే చెవుల్లో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టుంటుంది. లోతు మూడు మీటర్లకు ఒత్తిడి దాదాపు మూడోవంతు పెరిగి కర్ణభేరిని లోపలికి వంచుతుంది. ముక్కు మూసి, నోరు మూసి, మెల్లగా గాలి వదిలితే కంఠం నుంచి చెవిలోకి గాలి చేరి రెండు వైపులా సరిపోతుంది. దీన్ని నొప్పి వచ్చాక కాదు, నొప్పి రాకముందే, ప్రతి మీటరుకూ ఒకటి రెండు సార్లు చేస్తూ దిగాలి. అయితే బావిలో ఈదిన అలవాటు ఒకటి స్కూబాలో ప్రాణాంతకం కాగలదు. బావిలో మనం ఊపిరి బిగబట్టి దిగుతాము. అది పైన పీల్చిన గాలి కాబట్టి, లోపల నలిగి చిన్నదై, పైకి వచ్చేసరికి మళ్లీ మొదటి పరిమాణానికే వస్తుంది. సిలిండర్ నుంచి పీల్చేది మాత్రం ఆ లోతు ఒత్తిడికి సరితూగే గాలి. పది మీటర్ల దగ్గర నిండా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే అది రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు తట్టుకోలేవు. అందుకే బాగా ఈత వచ్చిన మన పల్లె యువకులకు ట్రయల్ డైవ్‌లో శిక్షకుడు పదేపదే చెప్పే ఒక్క మాట, ఊపిరి ఆపవద్దు అన్నది, అందరికంటే ఎక్కువగా వర్తిస్తుంది.

చెవి విషయంలో నాకు జరిగినది చెప్పడం అవసరం. కొన్నేళ్ల కిందట ఒక ద్వీపపు మజిలీలో, ముందే డబ్బు కట్టేశాము కదా అన్న ఒకే కారణంతో, పడిశం పూర్తిగా తగ్గకుండానే పడవ ఎక్కాను. ముక్కు దిబ్బడకు మాత్ర వేసుకున్నాను. ఏడుగురికి ఒకే గైడు ఉన్నాడు, వాళ్లలో ఇద్దరు కొత్తవాళ్లు. నాలుగు మీటర్ల దగ్గర ఎడమ చెవి సర్దుకోలేదు. చేయి ఊపి సైగ చేశాను. గైడు కొత్తవాళ్లను పట్టుకొని కిందికి పోతున్నాడు, వెనక్కి చూడలేదు. గుంపు తప్పిపోతానన్న భయంతో ఇంకో రెండు మీటర్లు దిగాను. చెవిలో ఏదో చిట్లినట్టు చప్పుడైంది, ఆ వెంటనే నొప్పి తగ్గింది. ఆ తగ్గడమే ప్రమాద సూచన అని అప్పటికి నాకు తెలియదు. పైకి వచ్చి మాస్క్ తీస్తే లోపల నాలుగైదు రక్తపు చుక్కలు ఉన్నాయి. నెల్లూరు తిరిగి వచ్చాక చెవి డాక్టరు దీపం పెట్టి చూసి, కర్ణభేరి చిరిగిందనీ, అది పూర్తిగా మానేదాకా నీళ్ల వైపు పోవద్దనీ చెప్పారు. అప్పటి నుంచి ఏ షాపు వాళ్లనైనా నేను మొదట అడిగేది, ఒక్కో గైడు వెంట ఎంతమంది ఉంటారు, కొత్తవాళ్లను వేరుగా తీసుకుపోతారా అని. ముక్కు దిబ్బడ ఉన్న రోజున డబ్బు వదులుకుంటాను. మాత్ర ప్రభావం నీటి కిందే తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోక చెవి మరింత దెబ్బ తింటుంది.

రక్తంలో నడిచే గడియారం ఇంకా ఎక్కువసేపు నడుస్తుంది. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కీళ్లలో కరిగి నిలుస్తుంది. నిమ్మళంగా పైకి వస్తే ఊపిరితో పాటే బయటికి పోతుంది. త్వరపడితే, గోలీసోడా గోలీని బొటనవేలితో నొక్కినప్పుడు గాజు సీసాలో ఎలా బుడగలు లేస్తాయో, అలా ఒంట్లోనే లేస్తాయి. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావడం, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం అనే నియమాలు పెట్టారు. పైకి వచ్చిన తరువాత కూడా కొంత నైట్రోజన్ గంటల తరబడి మిగిలే ఉంటుంది. విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి రెండు వేల మీటర్లకు అటూ ఇటూ ఉన్న కొండ మీద ఉన్నంత తక్కువగా ఉంటుంది కాబట్టి, ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకే రోజులో రెండు గానీ వరుసగా కొన్ని రోజులు గానీ చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సాయంత్రం 4 గంటలకు రెండో డైవ్ ముగించినవారు మరునాడు ఉదయం 10 దాకా నేల మీదే ఉండాలి. బహమాస్‌లోని నసావ్‌లో ఆగి, రాత్రికి రాత్రి ప్రయాణించి తెల్లవారేసరికి మయామీ చేరే క్రూజ్‌లలో, దిగిన వెంటనే విమానం ఎక్కేవారికి, ఈ లెక్క తప్పే అవకాశం ఉంది. గాల్వెస్టన్‌కు తిరిగి వచ్చేటప్పుడు మధ్యలో సముద్రం మీదే ఒక రోజు గడుస్తుంది కాబట్టి బాధ లేదు. ఫుకెట్ తరువాత సింగపూర్ చేరేదాకా మా చెల్లెలి వాళ్లకూ ఒక రోజు ఉంది. ఏ మజిలీలో డైవ్ చేయాలన్నది తేల్చేటప్పుడు ప్రయాణంలోని చివరి మజిలీని అన్నిటికంటే ఆఖరి ఎంపికగా పెట్టుకోవాలి.

ఈ సందర్భంలో మన జిల్లాల వారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. పైన చెప్పిన మార్గదర్శకాలు 2000 అడుగులకు, అంటే సుమారు 610 మీటర్లకు పైబడిన ఎత్తులకు వర్తిస్తాయి. తిరుమల సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. పుదుచ్చేరిలోనో, చెన్నై కోవళంలోనో పొద్దున రెండు డైవ్‌లు చేసి, మొక్కు ఉందని అదే రాత్రి కారులో కొండ ఎక్కడం, విమానం ఎక్కడం అంత కాకపోయినా, అదే కోవలోకి వచ్చే పని. దర్శనం టికెట్టు తేదీ ముందే ఖాయమై ఉంటే డైవ్‌ను అంతకు ఒక రోజు ముందే ముగించుకోవాలి.

వైద్యం కాగితం గురించి. నీటిలోకి దించే ముందు ప్రతి షాపులోనూ ఒక ఆరోగ్య ప్రశ్నావళి ఇస్తారు. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం, చక్కెర వ్యాధి లాంటి వాటిలో దేనికైనా అవునని రాస్తే డాక్టరు సంతకం లేకుండా దించరు. నలభై అయిదు దాటినవారికి మరికొన్ని ప్రశ్నలు అదనం. మన ఇళ్లలో ఆ వయసుకు బీపీ మాత్రో, షుగర్ మాత్రో లేని మనిషి అరుదు. రేవులో నిలబడి ఈ కాగితం చూసి కాదు అని రాసేయాలన్న ప్రలోభం కలుగుతుంది, ఎందుకంటే డాక్టరు అక్కడ దొరకడు, కట్టిన డబ్బు తిరిగి రాదు. ఆ కాగితం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఊళ్లో ఉండగానే అచ్చు తీసి, మనల్ని ఎరిగిన డాక్టరుతో చదివించి, సంతకం పెట్టించుకొని తీసుకుపోవడమే సరైన దారి. డాక్టరు వద్దంటే అక్కడితో ఆగాలి. ఇన్సూరెన్స్ సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులు చాలా వాటిలో స్కూబాను మినహాయిస్తారు, లేదా ఇంత లోతు వరకే అని షరతు పెడతారు. నైట్రోజన్ బుడగల జబ్బుకు చికిత్స రీకంప్రెషన్ ఛాంబర్ అనే ఒత్తిడి గదిలో జరుగుతుంది. ఓడలోని ఆసుపత్రిలో మామూలుగా ఆ గది ఉండదు. అది ఉన్న ఊరికి చేరడానికే లక్షలు ఖర్చు కావచ్చు.

కాలం అంటే గంటలే కాదు, నెలలు కూడా. మైపాడులోనో, కొత్తపట్నంలోనో వేకువన పడవను నీటిలోకి నెట్టే ముందు మన మత్స్యకారులు తూర్పు దిక్కు చూసి, గాలి పసిగట్టి, ఆ రోజు పోవాలా వద్దా అన్నది తేల్చుకుంటారు. ఆ వివేకం క్రూజ్ టికెట్టు కొనే రోజునే కావాలి. మన సముద్రం మసక నీళ్ల సముద్రం. పెన్న తెచ్చే మట్టి, అడుగున ఇసుక, పగడం పట్టే రాయి లేదు. అందుకే తేట నీళ్ల కోసం దూరం పోతున్నాము. ఫుకెట్ చుట్టూ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నిలకడగా ఉంటుంది, నైరుతి రుతుపవనాల నెలల్లో పడమటి తీరం కల్లోలంగా ఉంటుంది. లక్షద్వీప్‌కు కూడా రుతుపవనాల కాలం పనికిరాదు. శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలీకి దీనికి విరుద్ధం. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, మనకు వాయుగుండాలు పట్టే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే అక్కడా సముద్రం చెదురుతుంది. ఓడ మాత్రం ఏ నెలలోనైనా పోతుంది, పట్టికలో స్కూబా ఏ నెలలోనైనా ఉంటుంది.

శ్రీలంక ప్రస్తావన వచ్చింది కాబట్టి, పేరున్న చోటుకూ మనం దిగగలిగే చోటుకూ మధ్య ఉన్న దూరం ఎంతో అక్కడే కనిపిస్తుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన జపాను దాడిలో భాగంగానే, మూడు రోజుల తరువాత, ఏప్రిల్ 9న, హెచ్ఎంఎస్ హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌకను బట్టికలోవా తీరంలో ముంచేశారు. తెలుగువారి జ్ఞాపకాల్లోని ఒక సంఘటనకు నీటి కింద మిగిలిన సాక్ష్యం అది. నాకూ చూడాలని ఉంది. కానీ అది 50 మీటర్లకు పైగా లోతులో ఉంది, వినోద డైవింగ్ హద్దు 40 మీటర్లు. ప్రత్యేకమైన టెక్నికల్ శిక్షణ లేనివారికి, ఒక్క పూట మజిలీలో వచ్చినవారికి అది అందదు. ట్రింకోమలీలో ఆగినవారికి నిలావెలి ఒడ్డుకు ఎదురుగా, కిలోమీటరు దూరంలో ఉన్న పావురాల దీవి, పిజియన్ ఐలండ్, సరిపోతుంది. 2003లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఆ దీవి చుట్టూ స్నార్కెల్‌తోనే, అంటే నీటి పైన తేలుతూ ఊపిరి పీల్చుకునే చిన్న గొట్టంతోనే, పగడాలు చూడవచ్చు.

పడవ మీద నిలబడ్డాక చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రమాదం జరిగితే వాడే ఆక్సిజన్ సిలిండర్, రేడియో ఉన్నాయా అని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. మంచి షాపు వాళ్లు అవి ఉంచిన పెట్టె తెరిచి చూపిస్తారు. అద్దె సామాను తొడిగిన తరువాత రెగ్యులేటర్ నోట పెట్టుకొని, ఒత్తిడి మీటరు ముల్లును చూస్తూ నాలుగు సార్లు గట్టిగా పీల్చాలి. ముల్లు కదలకుండా నిలిస్తే వాల్వ్ పూర్తిగా తెరిచి ఉన్నట్టు. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి జారి మళ్లీ లేస్తుంటే వాల్వ్ సగమే తెరిచారు. లోతుకు పోయాక గాలి చాలదు. పీల్చిన గాలిలో నూనె వాసన వస్తే ఆ సిలిండర్ మార్చమనాలి. ముందు రాత్రి ఓడలో మద్యం ముట్టకపోవడం, పొద్దున నీళ్లు బాగా తాగడం మన చేతిలో ఉన్న పనులు. వాంతులకు వేసుకునే మాత్రల్లో మగత తెచ్చేవి ఉన్నాయి. వాటిని డైవ్ రోజున మొదటిసారి వేసుకోకూడదు.

మా చెల్లెలు ఇవన్నీ విని, రెండు రోజుల తరువాత అదే కాగితం వెనక వైపు ఫొటో తీసి పంపింది. బావగారికి బీపీ మాత్ర ఉంది కాబట్టి, వాళ్ల డాక్టరుతో మాట్లాడి, స్నార్కెల్ చాలునని తేల్చుకున్నారు. తనకూ, పద్నాలుగేళ్ల కొడుకుకూ కటా బీచ్‌లో ఒడ్డు నుంచే దిగే ట్రయల్ డైవ్, ఓడ వాళ్ల దగ్గరే, ఇద్దరికీ కలిపి ఒక శిక్షకుడు ఉండేలా. పెన్సిలుతో లెక్క ఇలా వేసింది: పటాంగ్ ఒడ్డు 9:30, కటా 10:15, పాఠం, సాధన 11:30 దాకా, నీటిలో నలభై నిమిషాలు, భోజనం, మళ్లీ పటాంగ్ 2 గంటలకు. ఆఖరి టెండర్ 5, పక్కనే "ఓడ టైము" అని చిన్న అక్షరాలతో. రెండింటికీ అయిదింటికీ మధ్య ఉన్న మూడు గంటలకు ఎదురుగా "ఖాళీ" అని రాసి, దాని చుట్టూ రెండు సార్లు గీత గీసింది.